ఆడిటు కళ్లతో ఒక సోషలిస్టు దారి: ఇటలీలో ఆరు రోజులు

మొదటి రోజు: రోమ్, జూన్ 16

మున్సిపాలిటీల, పంచాయతీల జమాఖర్చులు తనిఖీ చేసే శాఖలో 31 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన నాబోటివాడు ఇటలీ వెళ్తే కొలోసియం, వెనిస్ చూసి రావాలి గానీ, 1924లో ఫాసిస్టుల చేతిలో హత్యకు గురైన ఒక సోషలిస్టు పార్లమెంటు సభ్యుడిని వెతుక్కుంటూ పల్లెలు పట్టుకు తిరగడమేమిటని మా ఇంట్లో అందరూ అడిగారు. ముస్సోలినీ ఎదుగుదల గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ జాకొమో మత్తెయోత్తి ఒక పేరాలో ప్రత్యక్షమవుతాడు, ఆ పేరా ముగిసేలోగా చనిపోతాడు. ఆ పేరాకు ముందు ఆయన బతికిన 39 ఏళ్లలో అధిక భాగం కౌన్సిలు హాళ్లలో, బడ్జెట్ పత్రాల మధ్య గడిచిందనీ, హత్య జరిగిన మరుసటి రోజు సభలో ఆయన మాట్లాడవలసిన విషయం కూడా తాత్కాలిక బడ్జెట్టేననీ చదివినప్పటి నుంచి, ఈ మనిషి మా శాఖకు దూరపు చుట్టమనే భావన నాలో పాతుకుపోయింది. బొలోన్యాలో ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయికి వారం రోజులు వెసులుబాటు దొరకడంతో, భాష విషయంలో ఆమె భరోసా మీద బయలుదేరాను.

ఉదయమే మోంతెచితోరియో చౌకుకు చేరుకున్నాం. ఇటలీ దిగువ సభ ఉండే భవనం అది. ఎదురుగా అగస్టస్ చక్రవర్తి ఈజిప్టు నుంచి తెప్పించి నీడగడియారానికి ముల్లుగా నిలబెట్టిన ఏకశిలా స్తంభం ఉంది. సామాన్యులను లోపలికి అనుమతించే రోజు చూసుకోకుండా రావడం నా పొరపాటే. అందువల్ల 1918లో తెరిచిన ఆ అర్ధచంద్రాకారపు సభామందిరాన్ని ఫొటోలలో చూసి సరిపెట్టుకుని, చౌకులో నీడపట్టున కూర్చుని, మత్తెయోత్తి 1924 మే 30న అందులో చేసిన ప్రసంగాన్ని అమ్మాయి చేత చదివించుకున్నాను.

ఆ ప్రసంగానికి పూర్వరంగం కొంత చెప్పాలి. 1923లో వచ్చిన అచెర్బో చట్టం ప్రకారం, పోలైన ఓట్లలో కనీసం 25 శాతం సాధించి అందరికంటే ముందున్న అభ్యర్థుల జాబితాకు సభలో మూడింట రెండు వంతుల స్థానాలు దక్కుతాయి. 1924 ఏప్రిల్ 6న జరిగిన ఎన్నికల్లో ఫాసిస్టుల జాబితాకు దాదాపు 65 శాతం ఓట్లు వచ్చాయి కాబట్టి లెక్క ప్రకారం ఆ చట్టం అవసరం కూడా వారికి పడలేదు. మత్తెయోత్తి ప్రశ్న ఆ ఓట్లు ఎలా వచ్చాయన్నదే. తమ పార్టీ అభ్యర్థులు 100 మంది ఉంటే వారిలో సుమారు 60 మంది తమ నియోజకవర్గంలో స్వేచ్ఛగా తిరగలేకపోయారని ఆయన చెప్పారు. జాబితా దాఖలు చేయడానికి కావలసిన 300 సంతకాలను ఎక్కడ ఎలా అడ్డుకున్నారో ఊరి పేరుతో సహా చెప్పారు. ఒక చోట నోటరీని కొట్టారు, ఒక చోట సంతకాల కాగితాలు లాక్కుపోయారు, రెజ్జో ఎమీలియాలో పిచ్చినీని అనే సోషలిస్టు అభ్యర్థిని చంపేశారు. సభ్యులు బల్లలు చరుస్తూ, కేకలు వేస్తూ ఉంటే ప్రసంగం ముందుకు సాగక గంటన్నర పైగా పట్టింది. అచ్చయిన ప్రతిలో అడుగడుగునా కుండలీకరణాల్లో కనిపించే 'అరుపులు', 'అంతరాయం' అన్న మాటలను చదవడం మానేద్దామా అని అమ్మాయి అడిగింది. వద్దన్నాను, అవి కూడా రికార్డులో భాగమే.

ఆశ్చర్యమేమిటంటే, ఇంత సాహసమైన ప్రసంగంలో ఆవేశపు మాటలు చాలా తక్కువ. అది తనిఖీ నివేదికలో అభ్యంతరాల జాబితాలా నడుస్తుంది. ఎన్నికను రద్దు చేయాలన్న ప్రతిపక్షం కోరికను 57 మంది సమర్థించారు, 285 మంది తిరస్కరించారు, 42 మంది తటస్థంగా ఉండిపోయారు. కూర్చుంటూ ఆయన తన సహచరులతో, నా ప్రసంగం నేను చేశాను, ఇక నా అంత్యక్రియల ప్రసంగం మీరు సిద్ధం చేసుకోండి అన్నారని చెబుతారు. నూరేళ్లు నిండిన సందర్భంగా 2024లో ఆయన కూర్చున్న స్థానాన్ని ఇకమీదట ఎవరికీ కేటాయించకూడదని సభ నిర్ణయించింది.

సాయంత్రం బర్బెరీనీ భవనానికి వెళ్లేసరికి ఆలస్యమైంది, గేటు బయట నుంచే చూశాం. రఫాయెల్లో, కరవాజ్జో చిత్రాలున్న ప్రదర్శనశాలగా దాన్ని అందరూ ఎరుగుదురు. 1947 జనవరిలో జుసెప్పే సారగాత్, కమ్యూనిస్టులతో కలిసి నడవాలన్న పియెత్రో నెన్నీ మార్గంతో విభేదించి, సోషలిస్టు పార్టీని చీల్చి బయటికి వచ్చింది ఈ భవనంలోనే. ఆ చీలికలోంచి ఇటలీ సోషల్ డెమోక్రాటిక్ పార్టీ పుట్టింది, సారగాత్ 1964లో దేశాధ్యక్షుడయ్యాడు. ఆయన 1922లో తొలిసారి చేరిన పార్టీ మత్తెయోత్తి కార్యదర్శిగా ఉన్న యునిటరీ (ఐక్య) సోషలిస్టు పార్టీ. మత్తెయోత్తి కొడుకు మత్తెయో కూడా సారగాత్ వెంటే నడిచి, తరువాతి కాలంలో మంత్రిగా పనిచేశాడు. సోషల్ డెమోక్రాట్లు మత్తెయోత్తిని తమ మూలపురుషుడిగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు గానీ, చీలికలను ఆయన ఎంతవరకు మెచ్చుకునేవాడన్నది నాకు అనుమానమే. పార్టీ పేరులోనే ఐక్యత పెట్టుకున్న మనిషి ఆయన.

రెండవ రోజు: రోమ్, జూన్ 17

ఫ్లమీనియో ప్రాంతంలో జుసెప్పే పిసనెల్లీ వీధి, 40వ నంబరు. ఇప్పటికీ జనం కాపురముంటున్న, గచ్చు రంగు వెలిసిన అపార్టుమెంటు భవనం. భార్య వేలియాతోనూ ముగ్గురు పిల్లలతోనూ ఆయన అద్దెకున్నది ఇక్కడే. 1924 జూన్ 10, మంగళవారం, సాయంత్రం నాలుగు దాటాక పార్లమెంటుకు వెళ్లడానికి ఇంటి నుంచి బయటికి వచ్చారు. చేతిలో సభ ముద్ర ఉన్న కవరు, అందులో కాగితాలు. ఇవాళ కూడా మంగళవారమే, అందుకని మేము కూడా నాలుగుంబావుకు అదే గుమ్మం దగ్గర నుంచి నడక మొదలుపెట్టాం. రెండు మలుపులు తిరిగితే టైబర్ నది గట్టు వెంబడి పోయే ఆర్నాల్దో ద బ్రెషియా రోడ్డు వస్తుంది. ఎంత తీరిగ్గా నడిచినా అయిదు నిమిషాలు పట్టదు.

గట్టు మీద ప్లేన్ చెట్ల నీడలో ఆ వేళ నలుపు రంగు లాంచియా కారు కాచుకుని ఉంది. అందులో అమెరీగో దూమినీ, ఆల్బీనో వోల్పీ, జుసెప్పే వియోలా, అమ్లేతో పొవెరోమో, ఔగుస్తో మలక్రియా అనే అయిదుగురున్నారు. ఆయన్ని ఎత్తి కారులో పడేయడం అక్కడ ఆడుకుంటున్న పిల్లలు చూశారు. లోపల పెనుగులాడుతూనే ఆయన తన సభ్యత్వ కార్డును కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేశారు. కారులోనే పొడిచి చంపారు. ఈ కథలో నన్ను కట్టిపడేసిన పాత్ర మాత్రం ఒక అపార్టుమెంటు కాపలాదారుల జంట. ముందురోజు రాత్రి ఇళ్ల చుట్టూ తచ్చాడుతున్న ఆ కారును చూసి, దొంగలేమో అన్న అనుమానంతో వారు నంబరు రాసిపెట్టుకున్నారు: 55-12169. ముస్సోలినీ సచివాలయానికి దగ్గరివాడైన ఒక పత్రికా సంపాదకుడు ఫిలిప్పెల్లీ అద్దెకు తీసుకున్న కారది. దర్యాప్తు రెండు రోజుల్లో ప్రభుత్వం గుమ్మం దాకా చేరిందంటే ఆ అంకెల పుణ్యమే.

స్మారకం ఎలా ఉంటుందో అనుకున్నాను. శిల్పి యోరియో వివరెల్లీ చేసిన ఈ కంచు నిర్మాణాన్ని 1974లో నిలబెట్టారు. మనిషి రూపం లేదు. నేలను చీల్చుకుని పైకి లేచిన మొలకలాగా ఉంది. పాదం దగ్గర వారం కిందటి వర్ధంతి దండలు ఇంకా ఉన్నాయి. లారెల్ ఆకులు ఎండి గోధుమ రంగుకు తిరిగి చుట్టుకుపోయాయి, రిబ్బన్ల మీది బంగారు అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మాయి వంగి ఒక్కొక్క రిబ్బనూ తిప్పి చదివింది: ఫలానా కార్మిక సంఘం, ఫలానా పురపాలక సంఘం. పక్కనే స్కూటర్లు రొద చేస్తూ పోతున్నాయి, ఎవరూ ఆగలేదు.

కొంచెం ఎగువన ఉన్న వంతెన పేరు ఇప్పుడు మత్తెయోత్తి వంతెన. 1929లో దాన్ని తెరిచినప్పుడు పెట్టిన పేరు లిత్తోరియో వంతెన, అంటే ఫాసిస్టు చిహ్నమైన గొడ్డలి కట్ట పేరు. తాము చంపించిన మనిషిని పట్టుకుపోయిన చోటికి కూతవేటు దూరంలో ఆ పేరుతో వంతెన కట్టుకున్నారన్నమాట. దిగువన మెట్రో రైలు నదిని దాటే వంతెన పేరు నెన్నీ. సోషలిస్టుల అంతర్గత తగాదాలన్నీ రోమ్ నగరపాలక సంస్థ ఇలా నది మీద పక్కపక్కనే సర్దేసింది.

మూడవ రోజు: రియానో, జూన్ 18

ఫ్లమీనియో చౌకు నుంచి వితెర్బో వైపు పోయే చిన్న రైలెక్కి రియానోలో దిగాం. రోమ్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఫోను చూపించిన అడ్డదారి నమ్ముకుని నేను తీసిన తోవ ఒక టూఫా రాతి గని కంచె దగ్గర ఆగిపోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. వెనక్కి నడిచి, రోడ్డు పక్క కాఫీ బారులో కూలబడ్డాం. కౌంటరు దగ్గర డెబ్బై ఏళ్లు దాటినావిడ నా చొక్కా చూసి ముందు చల్లని నీళ్లు పెట్టి, తరువాత ఎక్కడికని అడిగింది. అమ్మాయి చెప్పింది.

"క్వార్తరెల్లాకా? నడిచి పోకండమ్మా, ఫ్లమీనియా రోడ్డు మీద లారీలు గుద్దేస్తాయి," అని, కాఫీ తాగుతున్న ఒకాయనను కేకేసి మమ్మల్ని అక్కడ దించమంది.

"నాన్నా, ఈవిడ వాళ్ల నాన్నగారికి అప్పుడు ఆరేళ్లట. ఆ వేసవి అంతా పిల్లల్ని అడవి వైపు పోనిచ్చేవారు కాదట," అని అమ్మాయి దారిలో చెప్పింది.

క్వార్తరెల్లా అంటే పెద్ద అడవేమీ కాదు. ఓక్ చెట్లూ ముళ్లపొదలూ కలిసిన గుబురు, మధ్యలో స్మారక చిహ్నం, కీచురాళ్ల రొద. హంతకులు శవాన్ని ఇక్కడిదాకా తెచ్చి, తవ్వడానికి సరైన పనిముట్టు లేక లోతులేని గుంటలో కుక్కి పోయారు. రెండు నెలలు దేశమంతా వెతికింది. ఆగస్టులో ముందుగా ఫ్లమీనియా రోడ్డు పక్క తూములో ఆయన కోటు బయటపడింది. 16వ తేదీన సెలవు మీద ఉన్న ఒక కరబినియేరి పోలీసు కుక్కతో తిరుగుతుండగా అవశేషాలు కనిపించాయి. మట్టి పిడికిట్లోకి తీసుకుని చూశాను. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలే అగ్నిపర్వతపు మట్టి, కింద ఒక జానెడు దిగితే గట్టి రాయి. లోతుగా ఎందుకు తవ్వలేకపోయారో దానితోనే తెలిసిపోయింది.

ఎందుకు చంపారన్న ప్రశ్న మీద చరిత్రకారుల వాదం ఇంకా తెగలేదు. మే 30 ప్రసంగానికి ప్రతీకారమనేది ఒక మాట. సింక్లెయిర్ అనే అమెరికన్ చమురు కంపెనీకి ఇటలీలో ఇచ్చిన తవ్వకపు హక్కుల వెనక చేతులు మారిన లంచాల రుజువులు ఆయన దగ్గర ఉన్నాయని, జూన్ 11న వాటిని బయటపెట్టబోతున్నారని మరో మాట. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలని ఎందుకు పట్టుబడతారో నాకు అర్థం కాదు. ఎన్నికల లెక్క అడిగినవాడు ఖజానా లెక్క కూడా అడుగుతాడని హంతకులను పంపినవారికి తెలియదా? ఆయన చేతిలో ఉన్న కవరు మాత్రం మళ్లీ కనబడలేదు.

నాలుగవ రోజు: రోమ్ నుంచి బొలోన్యా, జూన్ 19

మొదటి ప్రణాళికలో చియేతీ పట్టణం ఉంది. రోమ్‌లో గొడవలవుతాయని వంక చెప్పి హంతకుల విచారణను ఆ కొండ ఊరికి మార్చారు. 1926 మార్చిలో తొమ్మిది రోజుల్లో ముగించారు. నిందితుల తరఫున వాదించినవాడు సాక్షాత్తు ఫాసిస్టు పార్టీ కార్యదర్శి ఫరినాచ్చీ. వేలియా ఆ తంతులో పాల్గొనడానికి నిరాకరించారు. ఇద్దరిని వదిలేశారు. ముగ్గురికి 5 ఏళ్ల 11 నెలల 20 రోజుల శిక్ష వేసి, అందులో 4 ఏళ్లు క్షమాభిక్ష కింద తీసేశారు, మిగిలిన దానిలో జైల్లో గడిచిన కాలం పోను వారు త్వరలోనే బయటికి వచ్చేశారు. 1947లో తిరిగి విచారణ జరిగాకే దూమినీకి యావజ్జీవం పడింది. ఈ లెక్క చూశాక చియేతీ వెళ్లే కోరిక నాకు చచ్చిపోయింది.

దానికి బదులు శవపేటిక పోయిన దారిన ఉత్తరానికి బయలుదేరాం. హడావిడి రైలు కాకుండా నిదానంగా పోయేది ఎంచుకోవడానికి కారణం మోంతెరోతోందో స్టేషను. రోమ్‌లో జనం గుమిగూడకుండా, ఆ చిన్న స్టేషనులో పేటికను రాత్రివేళ రైలెక్కించారు. వేలియా ప్రభుత్వానికి పెట్టిన షరతులు చదివితే ఆమె కూడా తక్కువ మనిషి కాదని తెలుస్తుంది. రైలు వెంట ఫాసిస్టు దళాల వారెవరూ కాపలాగా రాకూడదు, నల్లచొక్కా ఒక్కటి కూడా కంటపడకూడదు, తాను మామూలు పౌరురాలిగానే ప్రయాణిస్తుంది. ఆమె సోదరుడు తిత్తా రుఫ్ఫో ఆ రోజుల్లో ప్రపంచమంతా పేరున్న ఒపెరా గాయకుడు.

స్టేషను మా కిటికీ పక్క నుంచి అర నిమిషంలో వెనక్కి పోయింది. పసుపు గోడ, గులాబీ రంగు కరవీర పొదలు. బొలోన్యాలో మత్తెయోత్తి 1907లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. శిక్ష పడ్డవాళ్లు మళ్లీ మళ్లీ నేరాలు ఎందుకు చేస్తారన్నది ఆయన పరిశోధన విషయం. అధ్యాపకుడిగా స్థిరపడి ఉండగలిగినవాడే. ఆ రాత్రి అమ్మాయి గదిలో పప్పు, అన్నం, ఆవకాయ తిని పడుకున్నాను.

అయిదవ రోజు: ఫ్రత్తా పొలేసినే, జూన్ 20

బొలోన్యా నుంచి రొవీగో, అక్కడ రైలు మారి ఫ్రత్తా. ఉత్తరాన ఆదిజే, దక్షిణాన పో, ఈ రెండు నదుల నడుమ పల్చగా పరిచిన నేల పొలేసినే. నీళ్లు పొలాల కంటే ఎత్తున పారుతుంటాయి, గట్లు వాటిని ఆపుతుంటాయి. ఆయన పుట్టడానికి మూడేళ్ల ముందు, 1882లో ఆదిజే గట్టు తెగి ప్రాంతమంతా మునిగింది. 1951లో పో మళ్లీ ముంచింది. వరద, మలేరియా, మొక్కజొన్న గంజి తప్ప మరొకటి లేక వచ్చే పెలాగ్రా జబ్బు, వీటి నుంచి పారిపోయి వేల కుటుంబాలు బ్రెజిల్‌కు ఓడలెక్కాయి. మిగిలినవారు రోజుకూలీలు.

మత్తెయోత్తి ఆ కూలీల ఇంట పుట్టలేదన్నదే ఆయన జీవితమంతా వెంటాడిన ఎత్తిపొడుపు. తండ్రి జిరోలమో పూర్వికులు త్రెంతీనో కొండల నుంచి ఇనుము, రాగి సామాను వ్యాపారానికి వచ్చినవారు. దుకాణం పెరిగి భూములైంది. వడ్డీ వ్యాపారమని గిట్టనివాళ్లు అన్నారు. కొడుకును 'బొచ్చుకోటు సోషలిస్టు' అని వెక్కిరించారు. ఆ వెక్కిరింపుకు ఆయన ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చింది. అనేక గ్రామాల్లో ఆస్తి ఉండి పన్ను కడుతున్నాడు కాబట్టి అన్నిచోట్లా కౌన్సిలరుగా నిలబడే అర్హత ఉంది. ఆయన ఆ అర్హతను పూర్తిగా వాడుకున్నాడు. విల్లమర్జానాకు మేయరయ్యాడు, రొవీగో ప్రాంతీయ కౌన్సిలుకు ఎన్నికయ్యాడు, బడులూ గ్రంథాలయాలూ పెట్టించాడు, కూలీ సంఘాల నుంచి ఎన్నికైన కొత్త సభ్యులకు బడ్జెట్ చదవడం నేర్పాడు. సంతకం చేసే చోట వేలు చూపిస్తే చాలనుకునే సభ్యులను నేను ఉద్యోగ జీవితమంతా చూశాను. ఆ కాగితంలో ఏముందో వారికి నేర్పడానికి కూర్చున్న నాయకుడు మాత్రం నాకు ఒక్కరంటే ఒక్కరు తారసపడలేదు.

మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించినందుకు సైన్యంలోకి తీసుకుని, మూడేళ్లు సిసిలీలో యుద్ధరంగానికి దూరంగా ఉంచేశారు. 1919లో పార్లమెంటుకు గెలిచాడు. 1920 శరదృతువులో జరిగిన స్థానిక ఎన్నికల్లో పొలేసినేలోని 63 కమ్యూన్లూ, అంటే స్థానిక పాలక సంస్థలన్నీ, సోషలిస్టుల చేతికి వచ్చాయి. అక్కడి నుంచి భూస్వాముల డబ్బుతో ఫాసిస్టు ముఠాలు లారీలెక్కి వచ్చి, సంఘాల కార్యాలయాలు తగలబెట్టి, కొట్టి, ఆముదం తాగించి, కౌన్సిళ్లతో రాజీనామా చేయించాయి. సోషలిస్టు పార్టీ 1922 అక్టోబరులో తురాతీతో పాటు ఈయననూ, ఇతర సంస్కరణవాదులనూ బహిష్కరించింది. విప్లవం రేపో మాపో అంటున్నవారికి, ఈలోగా ఓటు హక్కునూ సంఘాలనూ కాపాడుకుందామనే మాట చేదైంది. హత్య తరువాత కూడా కమ్యూనిస్టు నాయకుడు గ్రామ్షీ ఈయనను 'శూన్యపు యాత్రికుడు' అని రాశాడు. గ్రామ్షీ అంటే నాకు గౌరవమే, ఆ మాట మాత్రం అన్యాయం. ఫాసిస్టు పాలన మొదటి ఏడాదిలో జరిగిన దాడులను తేదీ, ఊరు, బాధితుడు వారీగా జాబితా కట్టి అచ్చువేయించినవాడు, పాస్‌పోర్టు ఇవ్వకపోయినా 1924 ఏప్రిల్‌లో రహస్యంగా బ్రసెల్స్, లండన్ వెళ్లి అక్కడి సోషలిస్టులకు తన దేశపు సంగతి విప్పి చెప్పినవాడు శూన్యంలో నడిచాడంటే నేను ఒప్పుకోను.

సాయంత్రం ఊళ్లో వాస్తుశిల్పి పల్లాదియో కట్టిన బదోయెర్ భవంతి మెట్లు ఎక్కి దిగాం. యునెస్కో బోర్డు చూసి వచ్చిన నలుగురు జర్మన్లు తప్ప ఎవరూ లేరు.

ఆరవ రోజు: ఫ్రత్తా, కస్తెల్గుల్యెల్మో, జూన్ 21

పొద్దున్నే ఎండ ముదరకముందు అద్దె సైకిళ్ల మీద కస్తెల్గుల్యెల్మో వైపు వెళ్లాం. దారి పొడవునా కోతకు వచ్చిన గోధుమ, పక్కనే మోకాలెత్తు మొక్కజొన్న, కాలువ, కాలువ గట్టు. 1921 మార్చి 12న ఆ ఊరికి సంఘం పని మీద వచ్చిన మత్తెయోత్తిని ఫాసిస్టులు పట్టుకుని, లారీలో తిప్పి, హింసించి, రాత్రివేళ చీకట్లో పొలాల మధ్య వదిలేశారు. అది మొదలు సొంత జిల్లాలో అడుగు పెట్టడానికి వీల్లేని పార్లమెంటు సభ్యుడయ్యాడు. భార్యనూ పిల్లలనూ చూడాలన్నా ఊరు మారి కలుసుకోవలసి వచ్చేది. ఆ ఏళ్లలో దంపతులు రాసుకున్న వందల ఉత్తరాలు మిగిలాయి.

తిరిగి వచ్చి ఇల్లు చూశాం. ఇప్పుడది మ్యూజియం. పెద్ద తోట, పచ్చని తలుపులు, చల్లని గదులు, చెక్క బీరువాల నిండా పుస్తకాలు. ఉన్నవాళ్ల ఇల్లే, దాచుకోవలసినదేమీ లేదు. అమ్మాయి గైడును ఏదో అడుగుతుంటే నేను పుస్తకాల వీపులు చదువుతూ నిలబడిపోయాను.

శ్మశానం ఊరి చివర ఉంది. 1924 ఆగస్టు 21న అంత్యక్రియలకు చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది కూలీలు వచ్చారు. కుటుంబ మందిరంలో ఆయనతో పాటు క్షయతో వెంటవెంటనే పోయిన అన్న మత్తెయో, తమ్ముడు సిల్వియో ఉన్నారు. 1938లో మరణించిన వేలియా కూడా ఇక్కడే ఉంది. అలవాటు చొప్పున పలకల మీది సంవత్సరాలు తీసివేత వేసి చూసుకున్నాను. ముగ్గురు అన్నదమ్ముల్లో ఎవరికీ 40 నిండలేదు.

వారి తల్లి ఇసబెల్లా ఏడుగురిని కన్నది. నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలిన ముగ్గురినీ సాగనంపి, సమాధి దగ్గరికి ఎవరొచ్చినా పేరు రాసుకునే పోలీసుల మధ్య, మేము ఇందాక చూసి వచ్చిన ఇంట్లో 1931 దాకా బతికింది.